పిల్లలు పక్క తడిపిన దూది పరుపును శుభ్రం చేయడం ఎలా?

పరుపు ఉతికే వస్తువు కాదు. ఈ ఒక్క సంగతి తెలియకనే మంచి బూరుగు దూది పరుపులు ఏటా ఎన్నో పాడవుతున్నాయి. ఇద్దరు పిల్లల పక్కలను ఏళ్ల తరబడి ఆరబెట్టినదానిగా, ఇరుగుపొరుగు ఇళ్లలో ఈ పని చెడిపోవడం చూసి విసిగినదానిగా, నేను పాటించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పాత నూలు తువ్వాళ్లు నాలుగు, ఒక స్ప్రే సీసా, వంట సోడా, గిన్నెలు తోమే ద్రవం, మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, రబ్బరు చేతి తొడుగులు, టేబుల్ ఫ్యాన్ ఉంటే చాలు. తువ్వాళ్లు తెల్లవే అయి ఉండాలి. ముందుగా దుప్పటిని, గలీబును తీసి చన్నీళ్లలో జాడించి పక్కన పెట్టండి. వాటిని తరువాత ఎప్పటిలాగే ఉతుక్కోవచ్చు.

అసలు చిక్కంతా తడిని తీయడంలో ఉంది. పరుపు తడిసిందని తెలియగానే చాలామంది చెంబుడు నీళ్లు తెచ్చి పోస్తారు. నేలకైతే అది సరైన పనే, ఎందుకంటే నీరు మురికిని తీసుకొని తూములోకి పోతుంది. పరుపుకు తూము లేదు. పోసిన నీరు మూత్రాన్ని అడుగు పొరలకు తీసుకుపోయి అక్కడే నిలిచిపోతుంది. పైగుడ్డ మాత్రం గాలికి త్వరగా ఆరిపోయి, పని అయిపోయిందని మనల్ని నమ్మిస్తుంది.

మా ఆడపడుచు ఒకసారి అర బకెట్టు నీళ్లలో క్రిమిసంహారక ద్రవం కలిపి, పరుపుపై పోసి, బట్టల బ్రష్‌తో రుద్దింది. మూడో రోజు నేను వెళ్లేసరికి పైగుడ్డ పొడిగానే ఉంది. అంచు దగ్గర అరచేత్తో గట్టిగా అదిమితే, కుట్టు రంధ్రాల నుంచి టీ డికాక్షన్ రంగులో చిన్న చిన్న బొట్లు ఊరాయి. విప్పి చూస్తే లోపలి దూది నిమ్మకాయలంత ఉండలు కట్టి ఉంది. విల్లు మోగించుకుంటూ వీధిలోకి వచ్చే దూదేకేవారు మా ఊళ్లో కనబడి చాలా ఏళ్లయింది కాబట్టి, ఆ పరుపును మళ్లీ కుట్టించడానికి ఎంతో తిరగవలసి వచ్చింది.

కాబట్టి నీళ్లు పోయకండి, రుద్దకండి. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి తడిపై ఉంచి, మోకాలు ఆనించి ఒంటి బరువంతా మోపండి. మరక అంచు నుంచి మధ్యకు రావాలి, లేకపోతే అది ఇంకా వెడల్పవుతుంది. తువ్వాలుకు తడి అంటడం ఆగేవరకు మడతలు మారుస్తూ అదమండి. దీనికి పావుగంట పట్టినా విసుక్కోకూడదు.

ఆ తరువాత ఒక కప్పు పెరాక్సైడ్‌లో మూడు చెంచాల వంట సోడా, రెండు చుక్కల గిన్నెల ద్రవం కలిపి, మరక మీద మంచు పడినంత పల్చగా చిమ్మండి. మన పరుపులకు ఎక్కువగా చారల గుడ్డ వాడతారు కాబట్టి, రంగు వెలుస్తుందేమో ముందు ఒక మూల చూసుకోండి. అరగంట తరువాత మళ్లీ పొడి తువ్వాలుతో అదమండి. మరక పాతదైతే మరునాడు మరొకసారి చిమ్మాలే తప్ప, ఒకేసారి ఎక్కువ పోయకూడదు. మిగిలిన మిశ్రమాన్ని సీసాలో మూతపెట్టి దాచవద్దు. లోపల వాయువు పెరిగి సీసా పగలవచ్చు. బ్లీచింగ్ ద్రవాన్ని మాత్రం దగ్గరకు రానీయకండి, అది మూత్రంతో కలిస్తే హానికరమైన వాయువులు పుడతాయి.

కొందరు నిమ్మరసం పిండుతారు. పరుపు పులిహోర కాదు. మరికొందరు ముఖానికి రాసుకునే పౌడరు చల్లుతారు. అది తడిలో ముద్దయి, వాసనను రెండు రోజులు కప్పిపుచ్చి, మూడో రోజు రెండు వాసనలనూ కలిపి బయటపెడుతుంది.

చివరగా పొడి వంట సోడాను పల్చగా చల్లి, ఏడెనిమిది గంటలు వదిలి, వాక్యూమ్ క్లీనర్‌తోనో మెత్తని బ్రష్‌తోనో తీసేయండి. ఆ చేత్తోనే కుట్ల వెంట, బొత్తాల గుంటలలో కూడా దులపండి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు, దానిని తిని బతికే కంటికి కనిపించని ధూళి పురుగులు అక్కడే చేరుతాయి.

దూది పరుపును పది నుంచి మూడు గంటల వరకు ఎండలో ఉంచి, మధ్యాహ్నం ఒకసారి తిరగవేయండి. డాబా నేల మీద కాకుండా నులక మంచం మీద వేస్తే అడుగు నుంచి కూడా గాలి ఆడుతుంది. కర్రతో బాదడం నాకు నచ్చదు. బూరుగు దూది పెళుసైనది, బాదిన కొద్దీ పొడి అవుతుంది. ఫోమ్, లేటెక్స్ పరుపులను మాత్రం నేరుగా ఎండలో వేయకండి. వాటికి నీడ, ఫ్యాను గాలి చాలు.

ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేము. పొడి తువ్వాలును మరకపై ఉంచి, దానిపై బియ్యం డబ్బా పెట్టి, పావుగంట తరువాత ఆ తువ్వాలును చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో ఎండ లేకపోతే పరుపును గోడకు ఏటవాలుగా నిలబెట్టి, రెండు వైపులా వంతులవారీగా ఫ్యాను పెట్టండి, రెండు రోజులు పట్టవచ్చు. అంతవరకు పిల్లవాణ్ణి చాప మీద పడుకోబెట్టండి.