డ్రగ్ ఇన్‌స్పెక్టర్ రాకముందే మెడికల్ షాపులో చూసుకోవాల్సినవి

డీఐ (డ్రగ్ ఇన్‌స్పెక్టర్) పక్క వీధిలో ఉన్నారని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడగానే టపటపా షట్టర్లు దించేయడం మన ఊళ్లలో మామూలే. ఆ పూటకు గండం గడిచినట్టే ఉంటుంది గానీ, మూసి ఉన్న షాపు మీదే అనుమానం పెరుగుతుంది. పైగా ఇప్పుడు వచ్చేది ఒక్క డీఐ మాత్రమే కాకపోవచ్చు. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో ఔషధ నియంత్రణ, విజిలెన్స్, ఈగల్ (మాదకద్రవ్యాల కట్టడికి ఏర్పాటైన పోలీసు విభాగం) కలిసి మెడికల్ షాపులను తనిఖీ చేశాయి. వానాకాలం జ్వరాలు మొదలై కౌంటర్ దగ్గర జనం పెరిగితే పుస్తకాలు సర్దుకునే తీరిక దొరకదు. ఆ పని ఇప్పుడే పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు కొనుగోలు బిల్లులు. వాటికి వరుస నంబర్లు వేసి తేదీల ప్రకారం ఫైల్ చేయాలి. తర్వాత ర్యాకులోంచి ఏదో ఒక స్ట్రిప్ తీసి, దాని బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు వెతకండి. దొరక్కపోతే ఆ మందు ఎలా వచ్చిందో మీకే తెలుస్తుంది: పక్క షాపులో సర్దుబాటుకు తెచ్చిందో, డిస్కౌంట్ ఎక్కువిస్తానంటే బిల్లు లేకుండా తీసుకున్నదో అయ్యుంటుంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940లోని 19(3) సెక్షన్ చిల్లర వ్యాపారికి ఒక రక్షణ ఇస్తుంది. నాసిరకమని తేలిన మందును లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొన్నారని, తగిన జాగ్రత్త తీసుకున్నా లోపం మీకు తెలిసే వీలు లేదని, వచ్చినదాన్ని వచ్చినట్టే సరిగ్గా నిల్వ చేశారని నిరూపించుకోగలిగితే ఆ తప్పు మీ మీద పడదు. బిల్లు లేకపోతే ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది. అందుకే నా దృష్టిలో షాపులో అన్నిటికన్నా ఖరీదైన సరుకు ఆ బిల్లుల ఫైలే.

అమ్మకం బిల్లులో కూడా బ్యాచ్, ఎక్స్‌పైరీ పడాలి. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, తెలంగాణలోనూ ఆ సిరప్ బ్యాచ్ నంబరుతో హెచ్చరిక వచ్చింది. అలాంటప్పుడు ఆ సీసా ఎవరింటికి వెళ్లిందో చెప్పేది మీ బిల్లే.

ఇక షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు, అంటే డాక్టరు చీటీ మీదే ఇచ్చి, ప్రతి అమ్మకాన్నీ రాసిపెట్టాల్సిన మందుల పుస్తకం. 2014 మార్చి నుంచి ఇది అమల్లో ఉన్నా, ఎక్కువ షాపులు దొరికిపోయేది ఇక్కడే. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్, ట్రమడాల్, ఆల్ప్రజోలామ్ లాంటివి ఇచ్చినప్పుడల్లా డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నది అప్పటికప్పుడే రాయాలి. రిజిస్టరు మూడేళ్లు దాచాలి. రాత్రి షాపు మూసేముందు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, నెలంతా ఒకే డాక్టరు పేరుతో నింపిన పేజీని ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. ఒక పరీక్ష చేసి చూడండి. ఆల్ప్రజోలామ్ పాత నిల్వకు కొన్నవి కలిపి, రిజిస్టరులో రాసినవి తీసేస్తే, ర్యాకులో ఉన్న మాత్రల లెక్కతో సరిపోవాలి. తేడా వస్తే చీటీ లేకుండా ఎవరికో ఇస్తున్నట్టే. కౌంటర్‌లో కుర్రాణ్ణి పిలిచి అడగండి.

ఎక్స్‌పైరీ సరుకును ఏజెన్సీ వెనక్కి తీసుకునేదాకా విడిగా అట్టపెట్టెలో వేసి, పైన ‘అమ్మకానికి కాదు’ అని పెద్దగా రాయాలి. కౌంటర్ కింద మామూలు సరుకుతో కలిసి ఉంటే, అమ్మడానికి కాదంటే నమ్మేవారుండరు. కత్తిరించిన స్ట్రిప్పుల డబ్బా కూడా బోర్లించి చూడండి. తేదీ ఉన్న వైపు ముందే కత్తిరించి ఇచ్చేస్తే, మిగిలిన నాలుగు మాత్రలకు పేరూ ఉండదు, గడువూ ఉండదు. బ్యాచ్, తేదీ ఉన్న చివరి ముక్కే ఆఖరున అమ్ముడుపోవాలి. ఫిజీషియన్ శాంపిళ్లు (కంపెనీలు డాక్టర్లకు ఉచితంగా ఇచ్చే మందులు), ప్రభుత్వ సరఫరా ముద్ర ఉన్న మందులు షాపులో ఉండటమే తప్పు. డాక్టరు గారు ఉంచమన్నారన్న సమాధానం చెల్లదు.

ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి, రోజూ రాసుకోండి. ఫ్రీజర్‌కు ఆనించి పెట్టిన ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. పాల ప్యాకెట్లు, పెరుగు డబ్బాలు ఇంటి ఫ్రిజ్‌లోకి మార్చేయండి.

లైసెన్సులు, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ గోడ మీద కనబడాలి, ఫార్మసిస్టు షాపులో ఉండాలి. సర్టిఫికెట్ అద్దెకు తెచ్చి మనిషిని తేకపోతే పైన చెప్పినవేవీ మిమ్మల్ని కాపాడవు. లైసెన్సు కొనసాగడానికి అయిదేళ్లకోసారి కట్టే రిటెన్షన్ ఫీజు గడువు కూడా చూసుకోండి.

తనిఖీకి వచ్చినప్పుడు టెన్షన్ పడి అడ్డం తిరగొద్దు. కావాలని ఆటంకపరిస్తే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అడిగినదానికే జవాబివ్వండి, తెలియకపోతే చూసి చెబుతానని అనండి. ఫారం 35 తనిఖీ పుస్తకం చేతికి అందేలా ఉంచండి. పరీక్షకు శాంపిల్ తీసుకుంటే ఆ సంగతి తెలిపే ఫారం 17 ఇస్తారు, సీలు వేసిన ఒక భాగం మీకు వదిలి వెళ్తారు. దాన్ని విప్పకుండా, లేబుల్ మీద చెప్పిన వాతావరణంలో దాచండి. ల్యాబ్ రిపోర్టు కాపీ మీకు అందాక, దాన్ని సవాలు చేయాలనుకుంటే 28 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలపాలి. కవరు వచ్చిన తేదీని దాని మీదే రాసుకోండి.