సీఎన్‌సీ రూటర్‌పై ప్లైవుడ్ కోయడం ఎలా? ముందు జెడ్ జీరో నేర్చుకోండి

నల్గొండలో మా కాలేజీ మేకర్‌స్పేస్‌లో సీఎన్‌సీ రూటర్‌లో, అంటే కంప్యూటర్ చెప్పిన దారిలో చెక్క కోసే మెషిన్‌లో, విరిగిన బిట్లన్నీ (కోసే మొనలు) ఒక పచ్చడి సీసాలో దాస్తున్నాను. వాటిలో ఎక్కువ శాతం జెడ్ జీరో (బిట్ ఎత్తును ఎక్కణ్నుంచి కొలవాలో మెషిన్‌కు చెప్పే చోటు) తప్పు పెట్టినందుకే విరిగాయి.

12 ఎంఎం ప్లైవుడ్, 6 ఎంఎం ఎండ్ మిల్ బిట్, కళ్లకు రక్షణగా అద్దాలు, ఒక తెల్ల కాగితం తెచ్చుకోండి. ఫ్యూజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో డ్రాయింగ్ వేసి జీ-కోడ్ (మెషిన్ చదివే ఆదేశాలు) తీయండి. పాస్‌కు (బిట్ తన దారిలో ఒకసారి వెళ్లి రావడానికి) 3 ఎంఎం లోతు చాలు. ముక్క ఎగరకుండా ట్యాబ్‌లు (కోయకుండా ఉంచే చిన్న వంతెనలు) వదలండి. షీట్‌ను స్క్రూలతో బిగించండి, స్క్రూలు మాత్రం బిట్ దారిలో ఉండొద్దు. ఎడమ ముందు మూలలో ఎక్స్, వై జీరో.

ఇక జెడ్. చాలామంది ప్లైవుడ్ పైన జీరో పెడతారు. వద్దు. 12 అని అమ్మే షీట్ కొలిస్తే ఒక్కోసారి 11.5 కూడా ఉండదు, వానాకాలంలో వంకరపోతుంది. కింద పరిచిన ఎండీఎఫ్ పలక మీదే జీరో పెట్టండి. కోత దారి లెక్కించే క్యామ్‌లోనూ స్టాక్ (కోసే షీట్) అడుగునే ఎంచుకోవాలి. అక్కడ పైన, ఇక్కడ కింద అయిందా, జెడ్ 5కి లేచాననుకుని బిట్ 12 ఎంఎం చెక్కలోంచే పరుగెడుతుంది.

బిట్‌ను తిప్పే స్పిండిల్ ఆపి, పలకపై కాగితం పరచండి. బిట్‌ను మొదట 1 ఎంఎం చొప్పున, దగ్గరికొచ్చాక 0.1, చివర్లో 0.02 చొప్పున దించండి. కాగితాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూనే ఉండండి. సులువుగా జారితే ఇంకా దిగాలి. గోరుతో గీరినట్టు పట్టి పట్టి కదిలితే ఆపండి. అసలే కదలకపోతే పైకి లేపి మళ్లీ మొదలుపెట్టండి. కాగితం మందం సుమారు 0.1 ఎంఎం కాబట్టి జెడ్ విలువ 0.1 అని ఇవ్వండి, 0 కాదు.

బిట్ తగలగానే మెషిన్‌ను ఆపే టచ్ ప్లేట్ ఉంది కదా అంటారు. దాని క్లిప్ బిట్‌కు పెట్టడం మరిచిపోతే మెషిన్ ఆగదు. మొన్న ఒకబ్బాయి కొత్త బిట్ ప్లేటుకు గుద్దుకుని రెండు ముక్కలైంది. కాగితమే వాడండి.

అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం (చీర నేతకు ముందు నూలును చీలల చుట్టూ చుట్టేది) చేసిన చింతకింది మల్లేశం మన పాత నల్గొండ జిల్లావాడే. అందుకే ఏటా ఎవరో ఒకరు ఆసు ప్రాజెక్టుతో మా దగ్గరికి వస్తారు. ప్లైవుడ్ కోశాక చీలల రంధ్రాలకు 3 ఎంఎం బిట్ బిగిస్తారు, జెడ్ మాత్రం పాతదే ఉంచుతారు. కొత్త బిట్ అదే పొడవున ఉండదు. బిట్ మార్చిన ప్రతిసారీ జెడ్ మళ్లీ పెట్టాలి, ఎక్స్, వై ముట్టుకోవద్దు.

చివరగా, బిట్‌ను జెడ్ 20కి పంపి, మొనకూ పలకకూ మధ్య స్కేలు పెట్టి చూడండి. 20 లేకపోతే స్టార్ట్ నొక్కొద్దు. ఉంటే నొక్కి, మొదటి పాస్ అయ్యేదాకా ఎమర్జెన్సీ స్టాప్ దగ్గరే నిలబడండి.