కంపైలర్ రాసిన అసెంబ్లీ కోడ్‌లో స్టాక్ లెక్కను చదవడం ఎలా?

కంపైలర్ తయారుచేసిన అసెంబ్లీ కోడ్‌లో స్టాక్‌కు (ఫంక్షన్లు తాత్కాలిక విలువలను ఉంచుకునే మెమరీ భాగానికి) సంబంధించి కనిపించే ప్రతి అంకెకూ ఒక కారణం ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే స్టాక్ ప్రస్తుత కొన చిరునామాను ఉంచుకునే ఆర్‌ఎస్‌పీ రిజిస్టర్ (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ చోటు) విలువ ఏ ఆదేశం దగ్గర ఎంత మారిందో కాగితంపై వరుసగా రాసుకోవాలి. ఇక్కడి వివరాలు 64 బిట్ లైనక్స్‌లో ఎక్స్86 ప్రాసెసర్ కోసం జీసీసీ కంపైలర్ ఇచ్చే కోడ్‌కు చెందినవి. విండోస్ నియమాలు కొంత వేరు.

ముందుగా సీ భాషలో చిన్న ఫంక్షన్ రాయండి. అది రెండు పూర్ణాంకాలను తీసుకొని, వాటి మొత్తాన్ని ఒక లోకల్ వేరియబుల్‌లో ఉంచి, దాన్నే తిరిగి ఇవ్వాలి. ఆప్టిమైజేషన్ లేకుండా, ఇంటెల్ పద్ధతిలో అసెంబ్లీ ఫైలును తీయండి. ఇంటెల్ పద్ధతిలో గమ్యం ముందు, మూలం తరువాత వస్తాయి. జీసీసీ మామూలుగా ఇచ్చే ఏటీ అండ్ టీ పద్ధతిలో ఈ వరుస తిరగబడుతుంది. చుక్కతోనూ సీఎఫ్‌ఐ అనే అక్షరాలతోనూ మొదలయ్యే వరుసలను ప్రస్తుతానికి వదిలేయవచ్చు.

ఇప్పుడు లెక్క మొదలుపెట్టండి. స్టాక్ పెద్ద చిరునామాల నుంచి చిన్న చిరునామాల వైపు పెరుగుతుంది. పిలిచిన చోట ‘కాల్’ ఆదేశం తిరిగి వెళ్లవలసిన చిరునామాను స్టాక్‌పై పెడుతుంది కాబట్టి, మన ఫంక్షన్ మొదలయ్యేసరికే ఆర్‌ఎస్‌పీ 8 బైట్లు తగ్గి ఉంటుంది. తరువాత, ఆర్‌బీపీ అనే మరో రిజిస్టర్ పాత విలువను స్టాక్‌పై పెట్టే ‘పుష్ ఆర్‌బీపీ’ మరో 8 తగ్గిస్తుంది. ఆపైన ఆర్‌ఎస్‌పీ విలువ ఆర్‌బీపీలోకి చేరుతుంది. ఇక ఆర్‌బీపీ కదలదు. అది చూపే చోట పాత ఆర్‌బీపీ, దానికి 8 కలిపిన చోట తిరుగు చిరునామా ఉంటాయి. మొదటి ఆరు పూర్ణాంక ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలోనే వస్తాయి కనుక, 16 కలిపిన చోట ఏదైనా ఉంటే అది ఏడవ ఆర్గ్యుమెంట్. లోకల్ వేరియబుల్స్ ఆర్‌బీపీకి దిగువన, అంటే మైనస్ గుర్తుతో కనిపిస్తాయి.

ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. మైనస్ 4, మైనస్ 20, మైనస్ 24 స్థానాల్లో విలువలు రాస్తున్నా, ఆర్‌ఎస్‌పీని తగ్గించే ‘సబ్’ ఆదేశం ఎక్కడా ఉండదు. ఆర్‌ఎస్‌పీకి దిగువన 128 బైట్లను సిగ్నల్ హ్యాండ్లర్లు (ప్రోగ్రామ్‌కు సిగ్నల్ రాగానే మధ్యలో నడిచే ఫంక్షన్లు) కూడా చెరపకూడదని ఈ వ్యవస్థ నియమం. దాన్ని రెడ్ జోన్ అంటారు. వేరే ఫంక్షన్‌ను పిలవని ఫంక్షన్ ఆ చోటును నిశ్చింతగా వాడుకోగలదు. లైనక్స్ కెర్నల్‌ను మాత్రం ఈ సదుపాయం లేకుండానే కంపైల్ చేస్తారు.

నిజమో కాదో తేల్చుకోవడానికి, ఆ మొత్తాన్ని వేరే ఫైలులో ఉన్న మరో ఫంక్షన్‌కు పంపే ఒక పిలుపును చేర్చి మళ్లీ కంపైల్ చేయండి. ఈసారి ఆర్‌ఎస్‌పీ నుంచి 32 తీసివేసే ఆదేశం వస్తుంది. కావలసింది 24 బైట్లే అయినా 32 ఎందుకంటే, ‘కాల్’ జరిగే ముందు ఆర్‌ఎస్‌పీ 16తో నిశ్శేషంగా భాగింపబడాలి. చివర వచ్చే ‘లీవ్’ ఆదేశం ఆర్‌ఎస్‌పీని ఆర్‌బీపీ స్థానానికి చేర్చి, పాత ఆర్‌బీపీని వెనక్కి తీసుకుంటుంది.

రెండవ స్థాయి ఆప్టిమైజేషన్‌తో చూస్తే ఆర్‌బీపీ ప్రస్తావనే మాయమవుతుంది. పిలుపు తరువాత కూడా కూడిక ఫలితం నిలవాలి కాబట్టి కంపైలర్ దాన్ని ఆర్‌బీఎక్స్ రిజిస్టర్ దిగువ సగంలో ఉంచుతుంది. ఆ రిజిస్టర్ పాత విలువను కాపాడడం మన ఫంక్షన్ బాధ్యత కనుక ముందే ‘పుష్ ఆర్‌బీఎక్స్’ చేస్తుంది. ఆ ఒక్క పుష్‌తోనే 16 బైట్ల అమరిక కూడా కుదరడం నాకు ఎంతో అందమైన పొదుపుగా తోస్తుంది.

చివరగా జీడీబీ అనే డీబగ్గర్‌లో సరిచూసుకోండి. ఫంక్షన్ పేరు మాత్రమే ఇచ్చి బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగవలసిన గుర్తు) పెడితే అది ఈ తొలి ఆదేశాలను దాటాకే ఆగుతుంది. పేరుకు ముందు నక్షత్రం గుర్తు పెడితే మొదటి ఆదేశం దగ్గరే ఆగుతుంది. అక్కడ ఆర్‌ఎస్‌పీ విలువను హెక్స్‌లో చూస్తే చివరి అంకె 8గా ఉండాలి. ఒక్కో ఆదేశాన్నీ నడిపిస్తూ మీ కాగితంతో పోల్చండి. ‘రెట్’ దగ్గరకు వచ్చేసరికి ఆర్‌ఎస్‌పీ ప్రవేశించినప్పటి విలువకే తిరిగి రావాలి. మీ లెక్కలో అలా రాకపోతే మధ్యలో ఏదో ఒక పుష్‌నో పాప్‌నో మీరు దాటవేశారన్నమాట.