పిల్లలు సొంతంగా ఒక దేశం కట్టుకుంటే పెద్దవాళ్లు ఏం చేయాలి

మీ అమ్మాయి ఉన్నట్టుండి "మా దేశంలో ఇవాళ సెలవు, పిల్లులు ఓట్లేస్తున్నాయి" అందనుకోండి, నవ్వేయకండి. పటం, రాజు, భాష, యుద్ధాలతో సహా ఒక లోకాన్ని అల్లుకుని నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి నడిపే పిల్లలుంటారు. దీన్ని పారాకాజమ్ అంటారు. అదంతా కల్పనేనని వాళ్లకి మనకంటే బాగా తెలుసు, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. నిద్ర, తిండి, స్నేహితులు అన్నీ మానేసి అందులోనే ఉండిపోతుంటే మాత్రం ఒకసారి కూర్చుని మాట్లాడండి.

ఖరీదైన బొమ్మలేం కొనక్కర్లేదు. 1826లో ఇంగ్లండ్‌లో బ్రాంటె పిల్లల (జేన్ ఐర్ నవల రాసిన షార్లెట్, ఆమె తోబుట్టువులు) నాన్న కొడుకు కోసం 12 బొమ్మ సైనికులున్న పెట్టె తెచ్చాడు. ఆ నలుగురు పిల్లలూ సైనికులకి పేర్లు పెట్టి, గ్లాస్ టౌన్ అనే రాజ్యం కట్టి, ఆ బొమ్మల చేతిలో పట్టేంత చిన్న పత్రికలు కూడా కుట్టారు. వాటిలో అక్షరాలు ఎంత చిన్నవంటే భూతద్దం ఉంటే తప్ప చదవడం కష్టం. అందుకే ఒకవైపు వాడేసిన కాగితాలు, పెన్సిళ్లు, ఒక ఖాళీ అట్టపెట్టె ఇస్తే చాలు. ఇల్లు సర్దేటప్పుడు ఆ పెట్టె జోలికి వెళ్లకండి, మీకు చెత్తలా కనిపించిన ముక్క వాళ్ల రాజముద్ర కావచ్చు.

ఇక ప్రశ్నలు. మనం పాడుచేసేది ఇక్కడే. వాళ్ల దేశంలో నది కొండ ఎక్కుతుందనుకోండి. "నది కొండ మీదికి ఎలా పారుతుంది?" అంటే అది పరీక్ష. "మరి అక్కడ పడవవాళ్లు కిందికి ఎలా వస్తారు?" అని అడగండి, ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లలాగా. అప్పుడు జవాబు తెలియకపోయినా రాత్రంతా ఆలోచించి పొద్దున్నే చెబుతారు. సందు దొరికింది కదా అని భూగోళం పాఠం ఎత్తుకున్నా, అక్షర దోషాలు దిద్దినా ఆ దేశానికి మీ వీసా రద్దు. నేనోసారి ఆగలేక ఒక ఊరికి మంచి పేరు చెప్పాను, వారం తిరక్కుండానే ఆ ఊరు వరదలో కొట్టుకుపోయింది.

ఇద్దరు పిల్లలు ఒకే లోకం కోసం కొట్టుకుంటుంటే చెరో దేశం ఇచ్చి మధ్యలో ఓడలు నడపమనండి. రచయిత సి.ఎస్. లూయిస్ చిన్నప్పుడు బట్టలేసుకునే జంతువుల దేశం తనది, ఓడలూ రైళ్లూ ఉన్న దేశం వాళ్ల అన్నయ్యది. రెండూ కలిపి బాక్సెన్ అని పేరు పెట్టుకున్నారు.

కొందరు పిల్లలు అసలు చెప్పరు. నోట్‌బుక్ కనిపించినా తెరవొద్దు. ఏదో ఒకరోజు ఆట ఆగిపోతుంది, ఎందుకని అడగకుండా పెట్టె మీద తేదీ రాసి అటక మీద పెట్టేయండి.