గీక్స్‌లో ప్యాకేజీలను మాడ్యూళ్లుగా ఎలా విడదీయాలి?

గీక్స్ అంటే సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ఒక ప్యాకేజీ మేనేజర్. అందులో ప్యాకేజీ నిర్వచనం అంటే గైల్ స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడే. ఒక ఫైలు, ఒక మాడ్యూల్. చిన్న టెక్స్ట్ టూల్‌నీ పెద్ద వీడియో ఎడిటర్‌నీ ఒకే ఫైల్లో పెడితే, చిన్నదాన్ని అడిగినా ఎడిటర్ కోసం రాసిన ఇంపోర్టులు వెంట వస్తాయి. అవి మరికొన్నిటిని తెస్తాయి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. సొంత చానెల్ (ప్యాకేజీ నిర్వచనాలు ఉండే రిపాజిటరీ) నడిపేవాళ్లు ఈ పని తప్పకుండా చేయాలి.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. మాడ్యూల్ విడదీస్తే గీక్స్ లోడ్ చేసే కోడ్ తగ్గుతుంది. వాడేవారి డిస్క్ మీద పడే బరువు తగ్గదు. దానికి ప్యాకేజీలోని ఇన్‌పుట్లనే (అది ఆధారపడే ఇతర ప్యాకేజీలనే) తగ్గించాలి, లేదా డాక్యుమెంటేషన్‌ను వేరే అవుట్‌పుట్‌గా, అంటే విడిగా ఇన్‌స్టాల్ చేసుకోగల భాగంగా పెట్టాలి.

1. ముందు పటం గీయించండి. గీక్స్ గ్రాఫ్ కమాండ్‌కి టైప్ దగ్గర మాడ్యూల్ అని ఇస్తే, ఏ ఫైలు దేన్ని పిలుస్తోందో కనిపిస్తుంది.

2. ఏది కదపాలో తేల్చుకోండి. పేర్లు, విషయం ఒకటే కదా అని ఒక చోట చేర్చడం నాకు నచ్చదు. ఎక్కువ ప్యాకేజీలకు అవసరమై, తనకు మాత్రం పెద్దగా ఏదీ అక్కర్లేని ప్యాకేజీని విడిగా పెట్టండి. అసలు లాభం అక్కడే.

3. కొత్త ఫైల్లో మాడ్యూల్ పేరు రాసి, నిర్వచనాన్ని తరలించండి. పాత ఇంపోర్టుల జాబితాను మొత్తంగా కాపీ చేయకండి, కావలసినవే ఒక్కొక్కటిగా చేర్చండి. ఆ ప్యాకేజీ రాసినవాళ్ల కాపీరైట్ పంక్తులు కూడా వెంట వెళ్లాలి, అది వాళ్ల శ్రమ.

4. ఇన్‌హెరిట్ (ఒక ప్యాకేజీ నిర్వచనాన్ని ఆధారంగా తీసుకుని మరొకటి రాయడం) ఉన్న చోట ఆగండి. ఇన్‌పుట్లను గీక్స్ అవసరమైనప్పుడే లెక్కిస్తుంది కాబట్టి రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి పిలుచుకున్నా సాధారణంగా నడిచిపోతుంది. కానీ ఇన్‌హెరిట్ చేసే తల్లి ప్యాకేజీ మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడే సిద్ధంగా ఉండాలి. లూప్‌లో చిక్కుకుంటే, ఆ వేరియబుల్‌కి విలువే లేదన్న ఎర్రర్ వస్తుంది, అదీ సంబంధం లేని ఫైలు పేరుతో! టెన్షన్ పడి ఇంపోర్టుల వరస మార్చుతూ కూర్చోకండి. తల్లినీ పిల్లనీ ఒకే ఫైల్లో ఉంచండి.

5. పాత ఫైల్లో ఇక వాడని ఇంపోర్టులు తీసేయండి. ఈ మెట్టు వదిలేస్తే చేసిందంతా వృథా. తర్వాత, తరలించిన ప్యాకేజీని వాడే మిగతా ఫైళ్లలో కొత్త మాడ్యూల్ పేరు చేర్చండి. గీక్స్ ప్రధాన రిపాజిటరీలో అయితే కొత్త ఫైలును లోకల్ డాట్ ఎంకే జాబితాలోనూ రాయాలి.

6. డెరివేషన్ (ప్యాకేజీని ఎలా బిల్డ్ చేయాలో గీక్స్ రాసుకునే ఫైలు) పోల్చండి. గీక్స్ బిల్డ్‌కి డెరివేషన్స్ ఆప్షన్ ఇచ్చి, తరలించకముందు వచ్చిన ఫైలు దారినీ (పాత్) తర్వాత వచ్చిన దారినీ పక్కపక్కన పెట్టండి. హ్యాష్‌తో సహా రెండూ ఒకటే అయితే ప్యాకేజీ మారలేదు, ఎవరూ మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు. తేడా వస్తే ఏదో జారిపోయినట్టే.

అందుకే వెర్షన్ అప్‌డేట్‌ను ఇదే కమిట్‌లో కలపవద్దు. కలిపితే ఈ పోలికకు అర్థం ఉండదు. ఇతర చానెళ్లు మీ పాత మాడ్యూల్‌ను పిలుస్తుంటే అవి ఆగిపోతాయి కాబట్టి, మార్పును మీ చానెల్ న్యూస్ ఫైల్లో కొత్త మాడ్యూల్ పేరుతో సహా రాయండి.