కొమ్ములు పెరగని మంద: టెక్సస్‌లో జింకలు వేటాడే తెలుగువాళ్ళకు సమస్య - పరిష్కారం

ఆస్టిన్, శాన్ ఆంటోనియో నుంచి వారాంతాల్లో లానో, మేసన్, గిలెస్పీ కౌంటీలకు వెళ్ళి, సొంత భూమిలోనో లీజు భూమిలోనో లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకల్ని వేటాడే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, కాబట్టి ఇందులో ఏ మాటా అక్కడికి వర్తించదు. టెక్సస్ పద్ధతి వేరు. భూమి దాదాపు అంతా ప్రైవేటు వాళ్ళది. జింక రాష్ట్ర ప్రజల సొత్తే అయినా, ఆ భూమిలో ఎవరు వేటాడాలో తేల్చేది గేటు తాళం ఉన్నవాళ్ళు. అందుకే మంద బాగుపడినా పాడైనా అందులో సగం బాధ్యత వేటగాడిదే.

చాలామంది నిగ్రహం అంటే తుపాకీ పేల్చకపోవడం అనుకుంటారు. అది సగమే. వదలాల్సినదాన్ని వదలాలి, తీయాల్సినదాన్ని తీయాలి. కింద చెప్పే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటిలో ఒకటే చేసి ఊరుకోవడం వల్ల వచ్చేవే.

కెమెరా నిండా మగజింకలే, ఒక్కదానికీ చెప్పుకోదగ్గ కొమ్ముల్లేవు

ముందు వయసు చూడండి. జాతి మంచిది కాదనో మేత చాలలేదనో అనుకునే ముందు, చెట్టుకు కట్టిన ఆ కెమెరా తీసిన ఫోటోల్లో మూడేళ్ళు దాటినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మగజింక కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి, ఐదారేళ్ళ వయసు వచ్చేదాకా ఏటికేడు పెద్దవవుతూ పోతాయి. ఏడాదిన్నర వయసులో ఉండేది పూర్తి ఎదుగుదలలో మూడో వంతు కూడా కాదు. ఆ వయసులోనే కొట్టేస్తూ పోతే మందలో పెద్దది అనేదే మిగలదు. పెన్సిల్వేనియాలో దశాబ్దాల పాటు ఇదే జరిగింది. కాల్చిన మగజింకల్లో అత్యధికం ఏడాదిన్నరవే ఉండేవి. చివరికి 2002లో ఆ రాష్ట్రం కొమ్ముకు ఇన్ని మొనలు ఉంటేనే కాల్చాలని నిబంధన పెట్టింది. అదే ఏడాది టెక్సస్ కూడా ఆరు కౌంటీల్లో 13 అంగుళాల నిబంధన మొదలుపెట్టి, తర్వాత మరెన్నో కౌంటీలకు విస్తరించింది. కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి, లేదా ఒక కొమ్మైనా చీలకుండా ఒంటిగా ఉండాలి. జింక చెవులు నిక్కించి చూసినప్పుడు చెవి కొస నుంచి కొసకు దాదాపు 13 అంగుళాలు ఉంటుంది కాబట్టి కొమ్ములు చెవులు దాటాయా లేదా అని దూరం నుంచే తెలుస్తుంది.

మీ కౌంటీలో ఆ నిబంధన ఉంటే పాటించక తప్పదు. కానీ దాంతోనే సరిపెట్టుకోవద్దని నా సలహా. కొలత ఒక్కటే చూస్తే, రెండున్నరేళ్ళకే చెవులు దాటేంత చురుగ్గా ఎదిగే మేలైన జింకే ముందుగా పోతుంది. నెమ్మదిగా ఎదిగేది బతికిపోతుంది. కొమ్ముల కంటే ఒళ్ళు చూసి వయసు కట్టడం మేలు.

ఏడాదిన్నరది సన్నటి మెడతో, పొడుగు కాళ్ళతో, కొమ్ములు పెట్టిన ఆడజింకలా ఉంటుంది. రెండున్నరేళ్ళకు మెడ కొంచెం నిండుతుంది గానీ కాళ్ళు ఇంకా ఒంటికి మించిన పొడుగే. మూడున్నరేళ్ళకు ఛాతీ దిగి మెడ బలుస్తుంది, అయినా మెడకూ భుజానికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగున్నరేళ్ళకు ఎద కాలంలో ఆ గీత చెరిగిపోయి మెడ భుజంలో కలిసిపోతుంది. ఐదు దాటితే పొట్ట జారి, వెన్ను వంగి, కాళ్ళు కురచగా అనిపిస్తాయి. నాలుగున్నర దాటిందని నమ్మకం కుదరకపోతే తుపాకీ దించండి. అనుమానం ఎప్పుడూ జింక పక్షానే ఉండాలి.

కాల్చినదాని కింది దవడ మాత్రం పారేయకుండా దాచండి. మన పల్లెల్లో ఎడ్ల సంతలో పళ్ళు చూసి వయసు చెప్పినట్టే ఇదీ. దవడలో మూడో పన్నుకు మూడు మొనలుంటే అది ఏడాదిన్నరదో, అంతకంటే చిన్నదో. ఆ పన్ను ఊడి రెండు మొనల కొత్తది వచ్చి, వెనకవి అరగడం మొదలైతే అంతకంటే పెద్దది. బ్లైండ్‌లో (వేటగాడు దాక్కునే మంచెలో) కూర్చుని మీరు కట్టిన వయసు ఎంతవరకు నిజమో దవడ చెబుతుంది.

చిన్నవాటిని వదులుతూనే ఉన్నాం, అయినా అన్నీ చిక్కిపోయి ఉన్నాయి

పైన చెప్పిన కౌంటీలున్న ఈ కొండ ప్రాంతం, అంటే హిల్ కంట్రీలో అసలు జబ్బు ఇది. లక్షణాలు జింకల మీద కంటే ముందు చెట్ల మీదే కనిపిస్తాయి. మీ భూమిలో ఒక చోట నిలబడి చుట్టూ చూడండి. నాలుగైదు అడుగుల ఎత్తు దాకా ఆకు అనేది లేకుండా, గీత గీసినట్టు అడుగంతా బోడిగా ఉందా? స్పానిష్ ఓక్ మొలకలు ఎక్కడా పైకి రావడం లేదా? లైవ్ ఓక్ పిలకలు కొరికి కొరికి మొద్దుబారాయా? మామూలుగా జింక ముట్టని సీడర్ ఆకును కూడా కొరుకుతున్న గుర్తులుంటే పరిస్థితి చేయి దాటుతున్నట్టే.

కారణం నోళ్ళు ఎక్కువ కావడం. గత శతాబ్దం మొదట్లో జింకలు అంతరించే దశకు వచ్చినప్పుడు ఆడదాన్ని కాల్చకూడదన్న కట్టుబాటు వాటిని కాపాడింది. మందలు కోలుకున్నాయి, కట్టుబాటు మాత్రం చాలామంది మనసుల్లో అలాగే ఉండిపోయింది. 1970లలో దక్షిణ టెక్సస్‌లో ఆల్ బ్రదర్స్, మర్ఫీ రే అనే ఇద్దరు జీవశాస్త్రవేత్తలు గట్టిగా చెప్పింది ఇదే: కుర్ర మగవాటిని వదలండి, ఆడవాటిని తగినన్ని తీయండి, మందను భూమి మోయగలిగినంతలో ఉంచండి. 1988లో సౌత్ కరోలినాలో జో హామిల్టన్ స్థాపించిన క్వాలిటీ డీర్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ దీన్ని దేశమంతా తీసుకెళ్ళింది. అదే ఇప్పుడు నేషనల్ డీర్ అసోసియేషన్.

ఇక్కడ మనవాళ్ళకు మనసు ఒప్పని మాట ఒకటి ఎదురవుతుంది. తల్లిని కొడితే పిల్ల గతేమిటి? ఆ బాధ న్యాయమైనదే, అందుకే దానికి జవాబు కావాలి. ఇక్కడ పిల్లలు ఎక్కువగా మే చివర, జూన్‌లలో పుడతాయి. నవంబరుకు అవి సొంతంగా మేస్తాయి, మిగతా ఆడవాటితో కలిసి తిరుగుతాయి. తల్లి ఉన్న మగపిల్లను ఏడాది దాటాక తల్లే తరిమేస్తుంది. తల్లి లేనివి పుట్టిన చోటు వదలకుండా ఎక్కువగా నిలిచిపోతాయని పరిశోధనల్లో తేలింది. మరోవైపు మేత చాలని మందలో పిల్లలు ఎవరి తూటా తగలకుండానే చనిపోతాయి. ఆ చావు మనకు కనిపించదు, అంతే తేడా.

ఎన్ని తీయాలో ఊహ మీద నిర్ణయించకండి. సీజన్‌కు ముందు, ఆగస్టు, సెప్టెంబరుల్లో నూరెకరాలకు ఒక కెమెరా చొప్పున పెట్టి, రెండు వారాల పాటు మగ, ఆడ, పిల్లల లెక్క తీయండి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ జీవశాస్త్రవేత్తను పిలిస్తే వచ్చి భూమి చూసి, ఉచితంగా సలహా ఇస్తారు. లైసెన్సుతో వచ్చే ట్యాగులు (ఒక్కో జింకకు ఒక్కో అనుమతి చీటీ) చాలకపోతే మేనేజ్డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రామ్‌లో చేరండి. అందులో మీ భూమికే ట్యాగులు ఇస్తారు, వేటకాలం కూడా ఎక్కువ దొరుకుతుంది. ఆడవాటిని సీజన్ మొదట్లోనే తీయండి. జనవరి దాకా ఆగితే చలికాలపు మేతలో సగం అవి తినేశాక తీసినట్టవుతుంది. తీసినదాని పొదుగు చూసి పాలున్నాయో లేదో, పేగులు తీశాక బరువెంతో పుస్తకంలో రాయండి. మూడు నాలుగు సీజన్లకు ఒకే వయసు జింకల బరువు పెరుగుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. ఇంట్లో మాంసం ఎక్కువైతే హంటర్స్ ఫర్ ది హంగ్రీకి ఇవ్వండి, అది అన్నం లేనివాళ్ళకు చేరుతుంది.

ఫీడర్ (జింకలకు మేత రాల్చే డబ్బా) నిండా మొక్కజొన్న పోస్తే సరిపోదా అని అడుగుతారు. మొక్కజొన్నలో మాంసకృత్తులు తొమ్మిది శాతం లోపే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా కొమ్ము పెరిగే కాలంలో జింకకు పదహారు శాతం దాకా కావాలి. అంత మాంసకృత్తులున్న మేత గుళికలు కొని పోసినా, మందను తగ్గించకుండా పోస్తే ఇంకొన్ని పిల్లల్ని పెంచడమే అవుతుంది. అసలు మేత నేల మీద మొలిచే కలుపు మొక్కలు, పొదలు. నేల మీద ఎండ పడనివ్వకుండా కమ్ముకున్న చిన్న సీడర్‌ను నరికితే అవి తిరిగి వస్తాయి. ముదురు సీడర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. అంతరించిపోతున్న గోల్డెన్ చీక్డ్ వార్‌బ్లర్ అనే పిట్ట ఆ బెరడు పీచుతోనే గూడు కడుతుంది, ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా పిల్లల్ని చేయదు.

నవంబరులో ఇంకా మచ్చలు పోని పిల్లలు

ఆడవి మరీ ఎక్కువై, ఎదిగిన మగవి తక్కువైన గుర్తు. ఆడది ఒక రోజే ఎదలో ఉంటుంది. ఆ రోజు తప్పితే మళ్ళీ నాలుగు వారాలకే. అలా తప్పినవి ఆలస్యంగా ఈనుతాయి, ఆ పిల్లలు చలికాలానికి ఒళ్ళు చేయవు. పై విభాగంలో చెప్పినదే మందు.

ఆడది అనుకుని కొట్టాం, దగ్గరికెళ్తే మగపిల్ల

ఆడవాటిని తీయడం మొదలుపెట్టినవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది ఇది. ఆరు నెలల మగపిల్లకు కొమ్ములు ఉండవు, బొడిపెలే ఉంటాయి. పొద్దువాలుతుండగా ఒంటరిగా ఫీడర్ దగ్గరికి ముందుగా వచ్చే చిన్న జింక తరచు అదే. అందుకే ఒంటరి జింకను కాల్చకండి. మూడు నాలుగు కూడేదాకా ఆగితే పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పిల్ల ముట్టె పొట్టి, ఒళ్ళు చతురస్రంలా ఉంటుంది. ఎదిగిన ఆడదాని ముట్టె పొడుగు, ఒళ్ళు నిడుపు. బైనాక్యులర్‌లో తల చూడండి. చెవుల మధ్య గుండ్రంగా ఉంటే ఆడది, బల్లపరుపుగా ఉంటే మగపిల్ల. వెలుతురు తగ్గాక ప్రయత్నించకండి.

ఒంటి పుల్లలాంటి కొమ్ములు: జాతి చెడ్డదని ఏరేయాలా?

ఈ ప్రశ్న మీద టెక్సస్‌లో ఇప్పటికీ వాదనలు తెగవు. రాష్ట్ర శాఖ నడిపే కెర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో కంచెల లోపల చేసిన పరిశోధనల్లో కొమ్ముల తీరు కొంత వారసత్వంగా వస్తుందని తేలిన మాట నిజం. కానీ బయట తిరిగే మందలో ఏడాదిన్నర జింకకు ఒంటి కొమ్ములుంటే అది ఆలస్యంగా పుట్టిందో, కరవు ఏడాదిలో పుట్టిందో కావచ్చు. పైగా కొమ్ముల వారసత్వంలో సగం తల్లిది, తల్లిని చూసి ఆ సగం మనం చెప్పలేం. బయటి మందల్లో ఏళ్ళ తరబడి చిన్న కొమ్ములవాటిని ఏరివేసి చూసినా తర్వాతి తరాల కొమ్ములు పెద్దవి కాలేదు. మాంసం కోసం ఒకటి తీసుకుంటే తప్పు లేదు. జాతిని బాగుచేస్తున్నామన్న పేరుతో కుర్రవాటిని కొట్టొద్దు.

మేం కాపాడిన బక్‌ను (మగజింకను) పక్క రాంచ్‌లో కొట్టేశారు

ఎదిగిన మగజింక తిరిగే నేల ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు దాటడం మామూలే. మీది నూరెకరాలు. పైగా కుర్ర మగవాటిలో సగానికి పైగా పుట్టిన చోటు వదిలి మైళ్ళ దూరం పోతాయి. కాబట్టి కంచె లోపల నిగ్రహం ఒక్కటే చాలదు, పక్కవాళ్ళతో మాట కలపాలి. ఈ కొండల్లో చాలా చోట్ల ఇరుగుపొరుగు రాంచ్‌లు కలిసి వైల్డ్‌లైఫ్ అసోసియేషన్లు నడుపుతున్నాయి. మీ దగ్గర లేకపోతే ముందు కెమెరా ఫోటోలు పంచుకోండి, ఒక శనివారం దవడలు పట్టుకుని కలవండి. మీరు వదిలిన బక్‌లు వాళ్ళ వైపు వెళ్తున్నట్టే వాళ్ళు వదిలినవీ మీ వైపు వస్తుంటాయి. ఆ ఫోటోలు చూపిస్తే ఉపన్యాసాల కంటే త్వరగా మనసు మారుతుంది.

గొడవ ఇంటి లోపల నుంచి కూడా వస్తుంది. నలుగురు స్నేహితులు కలిసి కొన్న భూమిలో ఒకరి బావమరిది అతిథిగా వచ్చి రెండున్నరేళ్ళదాన్ని కొడతాడు. అతనికి ముందు చెప్పనిది మనమే. వచ్చిన ప్రతివారికీ బ్లైండ్ ఎక్కే ముందే ఏది కొట్టొచ్చో ఫోటోలతో చూపించండి. మొదటిసారి వేటకు వచ్చిన పిల్లలకు మాత్రం కొంచెం సడలించండి, చట్టం ఒప్పుకున్నంత వరకు.

చుక్కల జింకలు వచ్చాక తెల్లతోకవి తగ్గిపోయాయి

మన నల్లమల అడవుల్లో తిరిగే చుక్కల దుప్పే ఇది. 1932లో టెక్సస్‌కు తెచ్చారు, ఇక్కడ ఆక్సిస్ అంటారు. చూడగానే మనకు ప్రాణం లేచి వస్తుంది గానీ ఇక్కడి మందకు అది గట్టి పోటీ. తెల్లతోక జింక ముదురు గడ్డి అరిగించుకోలేదు. ఇది గడ్డి తిని, గడ్డి అయిపోయాక తెల్లతోక జింక తినే ఆకుల మీద పడుతుంది. ఇలాగే గడ్డి తినే సికా జింకల్ని 1971లో కెర్‌లో 96 ఎకరాల కంచెలో తెల్లతోక జింకలతో పాటు సమానంగా వదిలితే, 1979 నాటికి తెల్లతోకవి ఒక్కటీ మిగల్లేదు. ఆక్సిస్‌కు సీజన్ లేదు, పరిమితి లేదు. లైసెన్సు ఉంటే ఏడాది పొడుగునా తీయొచ్చు. తీయండి.

చిక్కి, చొంగ కారుతూ, మనిషిని చూసినా బెదరని జింక

జింకల మెదడును పాడుచేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ కావచ్చు. టెక్సస్‌లో మొదట 2012లో హ్యూకో కొండల్లో మ్యూల్ డీర్ అనే మరో జాతి జింకలో, 2015లో మెడీనా కౌంటీలో పెంపకపు తెల్లతోక జింకల్లో కనిపించింది. దీనికి మందు లేదు. కారకమైన ప్రియాన్లు (రూపు చెడిన ప్రోటీన్లు) మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. వయసు మీరిన మగవాటిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఈ జబ్బు ఉన్న చోట 'వదిలేస్తే పెద్దదవుతుంది' అనే సూత్రాన్ని యథాతథంగా పట్టుకోకూడదు. మీ ప్రాంతానికి శాఖ పెట్టిన నియమాలు, చెప్పే సంఖ్య పాటించండి. ఫీడర్ చుట్టూ మందను గుమిగూడనివ్వకండి. అలాంటి జింక కనిపిస్తే ముట్టుకోకుండా శాఖకు ఫోన్ చేయండి. ఆరోగ్యంగా కనిపించే జింకకు కూడా జబ్బు ఉండొచ్చు. కాబట్టి జబ్బు ఉన్న కౌంటీలో తీసిన ప్రతి జింక తలనూ పరీక్షకు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా మాంసాన్ని పేరు, తేదీ రాసి విడిగా ఫ్రీజర్‌లో పెట్టండి, బంధువుల ఇళ్ళకు పంచకండి. జబ్బు ఉందని తేలితే ఆ మాంసం తినకూడదు.