గుంయ్‌మనే మోత

నాన్న దాచిన ఎల్పీలు (పాత గ్రామఫోను రికార్డులు) ఒంగోల్లో మా ఇంట్లో ఓ ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. వాటి కోసమే కాస్త ఖరీదైన ఫోనో ప్రీయాంప్ కొన్నా, అంటే రికార్డు సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె. పెట్టిన రోజే రెండు రోగాలు: గొంతు పగిలినట్టు రావడం, వెనకాల గుంయ్‌మని మోత.

మొదటిది నా తెలివితక్కువతనమే. సూదిని పట్టుకుని దాని కదలికని కరెంటుగా మార్చే ముక్కని కార్ట్రిడ్జ్ అంటారు. నాది మూవింగ్ మాగ్నెట్ రకం, 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. ప్రీయాంప్ స్విచ్చేమో మూవింగ్ కాయిల్ అనే ఇంకో రకం మీద ఉంది. అర మిల్లీవోల్టు ఇచ్చే రకాలకి పెట్టే 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) అది! 40కి దించి, లోడ్ (కార్ట్రిడ్జ్‌కి ఎదురుగా ప్రీయాంప్ పెట్టే నిరోధం) 47 కిలో ఓములకి మార్చగానే గొంతు తేటపడింది.

మోత మాత్రం పోలా. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బాస్ (మంద్ర స్వరాలు) తగ్గిస్తారు. ప్రీయాంప్ ఆర్ఐఏఏ అనే రికార్డుల ప్రమాణం లెక్క ప్రకారం దాన్ని తిరిగి ఎత్తుతుంది, 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 17 డెసిబెల్స్. మన కరెంటు కూడా 50 హెర్ట్జే కదా, చిన్న మోతైనా ఏనుగంత అవుతుంది. ప్రీయాంప్‌ని ఊరికే తిట్టుకున్నా. రెండ్రోజులకి గానీ టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) నుంచి ప్రీయాంప్‌కి వచ్చే ఎర్త్ వైరు కొస చూళ్ళేదు: పచ్చగా చిలుము. అది సరిగ్గా తగలకపోతే మోత రాక ఏమవుతుంది! సముద్రపు ఒడ్డునున్న కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా కిటికీ గొళ్ళేలే నిలవవు, రాగి తీగెంత! కొస కత్తిరించి, కొత్త తీగ తేల్చి, స్క్రూని ఉప్పుకాగితంతో రుద్ది బిగించా. పక్కనున్న కరెంటు అడాప్టర్ నుంచీ మోత రాకుండా దాన్ని కూడా మూరెడు దూరం జరిపా.

ఇప్పుడు సూది దించితే ముందు వినపడేది గాడిలో దుమ్ము చిటపటే.